అంచనా అరవై

లెక్కలాయన రిజిస్టరులో కొట్టివేతలు ఉంటాయి గాని చెరిపివేతలు ఉండవు. అంకె తప్పు పడితే దాని మీద అడ్డంగా ఒకే ఒక్క గీత. కింద సరైన అంకె, పక్కన సంతకం, టైము.

"కొట్టేసింది కూడా చదవడానికి రావాలి బాబూ. నల్లగా పులిమేస్తే ఏదో దాచామనుకుంటారు," అంటూ ఆ మధ్యాహ్నం రేకుల షెడ్డులో పైలట్‌కి పేజీలు తిప్పి చూపించాడాయన.

పైలట్ అంటే విమానం తోలేవాడేం కాదు, డ్రోన్ ఎగరేసేవాడు. మొన్నమొన్నటిదాకా పెళ్ళిళ్ళ మీద ఎగరేసి, వధూవరుల నెత్తిన పూలు కురిపించి, ఇప్పుడు డాక్యుమెంటరీలకు పని చేస్తున్నాడు. అందరూ పైలట్ అంటారు, అత్తగారు మాత్రం గాలోడంటుంది. మొదట్లో తిట్టుగానే అంది, ఇప్పుడు అలవాటైపోయి మందుబిళ్ళలు తెమ్మన్నా ఆ పేరుతోనే పిలుస్తుంది.

సరస్సు మధ్యలో ఒక ఇసుక దీవి ఉంది. ఎండలు ముదిరే వేళకు నల్లటోపీ పెట్టుకున్నట్టుండే తెల్లపిట్టలు వచ్చి, దాని మీద గుడ్లు పెడతాయి. గూడంటే పుల్లా పుడకా ఏమీ ఉండదు, ఇసుకలో చిన్న గిన్నెంత గుంట. ఆ రెండు నెలలూ మనిషన్నవాడు దీవి మీద అడుగు పెట్టకూడదు, పడవైనా దగ్గరికి పోకూడదు. కాపలాకీ లెక్కకీ కలిపి ఉన్నది ఆయనొక్కడే. ఆయనకీ ఒక పేరుంది గాని జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడరు. ఊరందరికీ లెక్కలాయన.

"దీవి ఎక్కకుండా ఎలా లెక్కపెడతారు బాబాయ్?" అన్నాడు పైలట్.

ఆయనకు కావలసిన ప్రశ్న అది. లేచి నిలబడి, కిటికీలోంచి వేలు పెట్టి చూపించాడు. దీవి చుట్టూ దూరంగా నీళ్ళలో పాతిన ఏడు గుంజలు. ఒక్కో గుంజకూ పడవ కట్టి, టెలిస్కోపు నిలబెట్టి, ఎడమ చేతిలో కౌంటరు పట్టుకుని నొక్కుకుంటూ పోవడమే. ఒక గుంజ నుంచి కనిపించిన గూడు రెండో గుంజ నుంచి కూడా కనిపిస్తుంది కాబట్టి వాటిని తీసెయ్యాలి. ఎట్లా తీసెయ్యాలో చెప్పబోయి, విన్నవాడికి అర్థం కాలేదని గ్రహించి నవ్వేశాడు.

"పంధొమ్మిదేళ్ళు బాబూ. మా ఆవిడ పురిటికి వెళ్ళిన రోజున కూడా లెక్క ఆపలేదు. ఇప్పటికీ దెప్పుతుంది. 'నీ కూతురు పుట్టిన రోజు నీకు గుర్తులేదు గాని, ఆ రోజు ఎన్ని గూళ్ళో చెప్తావు' అంటుంది."

"ఎన్ని?"

"రెండు వందల తొంభై ఒకటి," అన్నాడు ఆయన తడుముకోకుండా.

ఆ వారం పేజీలో మొత్తం నాలుగు వందల పన్నెండని ఉంది. పైన మూడు వందల యాభై రెండు, దాని కింద విడిగా ఇంకో వరస: మధ్య గుంట, అంచనా, అరవై. పైలట్ వెనక్కి తిప్పాడు. పోయిన ఏడూ అరవయ్యే, అంతకు ముందేడూ అరవయ్యే.

"ఈ అరవై ఏంటి బాబాయ్, రేషన్ కోటాలా?"

ఆయన ముఖం చిన్నబోయింది. దీవి నడుమ నేల పల్లంగా ఉంటుందట, చుట్టూ ఇసుక గట్టు, దాని మీద గడ్డి. ఏ గుంజ దగ్గర నిలబడినా లోపల ఏముందో కనిపించదు. ఆయనకు ముందున్నాయన అరవై రాసేవాడు, ఆయనకు ముందాయనా అదే రాసి ఉంటాడు.

"రెండొందలు వచ్చిన ఏడూ అరవయ్యే, ఐదొందలు వచ్చిన ఏడూ అరవయ్యే. అక్కడికొచ్చేసరికి నాకు చెయ్యి రాదు బాబూ. అబద్ధమందామా అంటే కాదు. నిజమందామా అంటే అదీ కాదు," అన్నాడు.

నాలుగు గంటలవుతుండగా, ఈ పిట్టల మీద డాక్యుమెంటరీ తీస్తున్న డైరెక్టరమ్మ ఒక పడవలాయన చేత మాట్లాడించాలని కెమెరా పట్టుకుని ఉత్తరపు గట్టుకు వెళ్ళింది. ఆ గట్టవతల ఒక కంపెనీ కాలువ తవ్వుతోంది. అది పూర్తయితే సరస్సు నీళ్ళు ఫ్యాక్టరీకి పోతాయి. నీళ్ళు తగ్గితే కుక్కలు నడుచుకుంటూ దీవి మీదికి వస్తాయి, పిట్టల పని అంతటితో సరి. కాలువ ఆపాలా వద్దా అని పదిహేను రోజుల్లో విచారణ ఉంది. ఆ లోపల ఈ సినిమా పూర్తి చేసి అక్కడ చూపించాలని ఆమె మూడు నెలలుగా తిండీ నిద్రా లేకుండా తిరుగుతోంది. వెళ్ళేముందు పైలట్‌కి మళ్ళీ చెప్పింది.

"దీవి మీద ఎనభై మీటర్లకు తగ్గకు అన్నా. కాగితం మీద సంతకం పెట్టాం."

"సరే మేడమ్."

రేవు దగ్గర చెక్కల మీద నిలబడి డ్రోన్ లేపాడు. లెక్కలాయన పక్కనే ఉన్నాడు. ఎండకు స్క్రీను కనబడక దాని చుట్టూ నల్ల అట్ట కట్టుకుంటాడు పైలట్. అందులోకి తల దూర్చి చూడాలి. ఆయన ముందు మొహమాటపడి, తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని తనూ తల దూర్చాడు. ఇద్దరి చెవులూ తగిలాయి.

దీవి పై నుంచి చూస్తే ఒక పెద్ద పాదం గుర్తులా ఉంది. ఆయన ఊపిరి బిగబట్టడం పైలట్‌కి వినిపించింది.

"అదేనా మధ్య గుంట?"

"అదే బాబాయ్."

"కూర్చున్నవెన్నో తెలుస్తాయా?"

"ఈ ఎత్తు నుంచి తెలియవు. అన్నీ చుక్కలే."

ఆయన ఇంకొంచెం లోపలికి వంగాడు. తర్వాత, పక్కింట్లో చక్కెర అప్పడిగినంత మెల్లగా, "కొంచెం దించితే?" అన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే పొద్దుటి నుంచీ పైలట్ బొటనవేలు ఆ మాట కోసమే దురద పెడుతోంది. ఎనభై మీటర్ల నుంచి తీసిన బొమ్మలు మ్యాపుల్లా ఉంటాయి. ఎవడైనా తీస్తాడు. దిగితేనే ప్రాణం వస్తుంది. అతను దించాడు. అరవై. నలభై. పిట్టలు కదల్లేదు. ముప్పై దగ్గర గూళ్ళు విడివిడిగా కనబడ్డాయి. ఒక పిట్ట లేచి గుడ్లు అటూ ఇటూ తిప్పుకుని మళ్ళీ కూర్చుంది. లెక్కలాయన ఎడమ చేతిలో కౌంటరు టకటకమంటోంది. అంత సంతోషం ఒక మనిషి వేళ్ళలో ఉండడం పైలట్ ఎప్పుడూ చూడలేదు.

ఇరవై ఐదు దగ్గర పిట్టలు తలలు వాల్చి ఒంటికంటితో పైకి చూడడం మొదలుపెట్టాయి.

"చాలు బాబూ," అన్నాడాయన. కౌంటరు ఆగింది. "చాలు."

పైలట్‌కి వినబడింది. వినబడలేదనడానికి వీల్లేదు, ఇద్దరి తలలూ ఒకే అట్ట లోపలున్నాయి. కాని అప్పుడే కెమెరా కొంచెం పైకెత్తేసరికి ఫ్రేములో ముందు పిట్టలు, వాటి వెనక నీళ్ళు, ఇంకా వెనక ఎర్రటి మట్టి గాటులా కాలువ, మూడూ ఒక గీతలోకి వచ్చాయి. ఇంకొక్క పది మీటర్లు దిగితే కుదురుతుంది. ఇంకొక్క ఐదు. బొటనవేలు దిగింది.

దీవి అంతా ఒక్కసారి లేచింది.

అలాంటి బొమ్మ అతని జన్మలో ఎప్పుడూ పడలేదు. ఇసుకే లేచి ఎగిరిపోతోందా అనిపించింది. స్క్రీను నిండా తెలుపు, ఆ తెలుపు సందుల్లోంచి ఎర్ర కాలువ. ఒక క్షణం తర్వాత అరుపు కూడా నీళ్ళ మీదుగా వచ్చి రేవును తాకింది.

"పైకి తియ్యి," అన్నాడు లెక్కలాయన.

"తీశాను బాబాయ్. తీసేశాను."

"వస్తాయిలే. గద్ద వస్తే ఇలాగే లేస్తాయి. పది నిమిషాల్లో దిగుతాయి."

ఇద్దరూ రేవు మీద నిలబడ్డారు. పది నిమిషాలైంది. పిట్టలు ఎత్తున తిరుగుతూనే ఉన్నాయి. మీద నీడ లేకపోతే ఆ ఎండలో గుడ్డు ఎంతసేపు ఆగుతుందని పైలట్ అడగలేక అడిగాడు. ఇరవై నిమిషాలన్నాడు ఆయన. అరగంటకు ఒక కాకి వచ్చింది. కాసేపటికి నాలుగయ్యాయి. ఆయన గబగబా పడవ విప్పి సగం దూరం వెళ్ళి, తెడ్డుతో పడవ అంచు మీద బాదాడు. కాకులు లేచాయి, దిగుతున్న పిట్టలూ లేచాయి. దగ్గరికి వెళ్తే పిట్టలు దిగవు, వెళ్ళకపోతే కాకులు ఆగవు. తెడ్డు పైకెత్తి పట్టుకుని ఆయన నీళ్ళ నడుమ అలాగే నిలబడిపోయాడు. పొద్దు వాలేదాకా అలాగే ఉన్నాడు.

*

బస గదిలో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని డైరెక్టరమ్మ ఆ బొమ్మను నాలుగోసారి చూస్తోంది. చేతిలో టీ చల్లారిపోయింది. ఏ రోజు బొమ్మలు ఆ రోజే రెండు డిస్కుల్లో పెట్టడం వాళ్ళ అలవాటు. ఒకటి ఆమె సంచిలో, ఒకటి పైలట్ పెట్టెలో.

"అన్నా, ఈ ఒక్క షాట్ చాలు. ఇంకేం మాట్లాడక్కర్లేదు. వెనక కాలువ, ముందు వెళ్ళిపోతున్న పిట్టలు." ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎందుకు లేచాయి?"

"దేనికో అదిరాయి మేడమ్."

"ఎంత ఎత్తులో ఉన్నావు?"

"జూమ్ చేశాను."

రెండు అబద్ధాలు, నోట్లోంచి నూనె రాసుకున్నట్టు జారిపోయాయి. డ్రోన్ తీసే ప్రతి బొమ్మ పక్కనా ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. ఏ సెకండులో ఎంత ఎత్తున ఉందో అందులో వరసగా రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు. పైలట్ కూడా ఎప్పుడూ తెరవలేదు. ఆ సాయంత్రం తెరిచాడు. 80, 61, 40, 30, 25, 18, 11.

తెల్లవారి సరస్సుకు వెళ్ళేసరికి లెక్కలాయన పడవలో ఉన్నాడు. రాత్రి ఇంటికి వెళ్ళినట్టు లేదు, నిన్నటి చొక్కాయే. "తెడ్డు వేస్తావా బాబూ? చేతులు రావడం లేదు," అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. తిట్టి ఉంటే బాగుండేదని పైలట్‌కి అనిపించింది. తిట్టే మనిషికి దణ్ణం పెట్టి బయటపడొచ్చు.

ఒకటో గుంజకు పడవ కట్టారు. ఆయన టెలిస్కోపు నిలబెట్టి, చాలాసేపు చూసి, రిజిస్టరులో సున్నా రాశాడు. కౌంటరు జేబులోంచి తియ్యలేదు. రెండో గుంజ దగ్గరా సున్నా. మూడో గుంజ దగ్గర పైలట్‌ని కూడా చూడమన్నాడు. ఇసుక మీద పెంకులు, ఎండిన పసుపు సొన, అటూ ఇటూ తీరిగ్గా నడుస్తున్న కాకులు. మిగిలిన గుడ్లు చెక్కు చెదరకుండా ఉన్నాయి. చూస్తే బాగానే ఉన్నాయనిపిస్తుంది.

"అవి ఉడికిపోయినవి," అన్నాడాయన.

ఐదో గుంజ దగ్గర ఆయన తల ఎత్తకుండా ఎడమ చేత్తో పైలట్‌ని పిలిచాడు. దీవి కొసన ఒక పిట్ట కూర్చుని ఉంది. నిన్న లేచిన వందల్లో తిరిగి వచ్చింది అదొక్కటే. గాలికి వెనక ఈకలు రేగుతున్నాయి. అది లేచి, గుడ్లను ముక్కుతో కొంచెం తిప్పి, మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"ఉన్నాయా బాబాయ్, ఆ గుడ్లలో?"

"ఏముంటుంది? నిన్న నాలుగింటి నుంచి ఎండకున్నాయి. అది పొద్దు కుంకాక వచ్చింది." ఆయన రిజిస్టరు తీశాడు. "దానికి తెలియదు కదా. ఇరవై రోజులూ కూర్చుంటుంది."

ఒకటి అని రాశాడు.

ఆరో గుంజకు పోతున్నప్పుడు ఆయనే మాట్లాడాడు. "నీ తప్పు ఏముంది బాబూ. నేనే కదా దించమన్నాను. ఆశ. పంధొమ్మిదేళ్ళ ఆశ. చాలు అందామనుకున్నాను. అన్నానో లేదో గుర్తుకు రావడం లేదు. నోట్లోనే ఉండిపోయిందేమో." కాసేపాగి, "అనే ఉంటే నువ్వు ఆపేవాడివే," అన్నాడు.

పైలట్ తెడ్డు వేస్తూనే ఉన్నాడు. మీరన్నారు బాబాయ్, రెండుసార్లు అన్నారు అని చెప్పాలి. చెప్పడానికి ఒక తెడ్డు వేసేంత టైము చాలు. ఆరో గుంజ వచ్చింది, ఏడో గుంజా వచ్చింది. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ కూడా అంత నిశ్శబ్దంగా ఉండడు.

మధ్యాహ్నం బస గదిలో డైరెక్టరమ్మ ముందు ఆ చిన్న ఫైలు తెరిచి పెట్టాడు. ఆమె వేలితో ఆఖరి అంకె దాకా వచ్చింది.

"పదకొండా?"

"పదకొండు మేడమ్."

ఆమె మంచం అంచున కూలబడింది. కేకలు వేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. అరచేతులతో కళ్ళు గట్టిగా అదుముకుని చాలాసేపు కూర్చుంది.

"ఇది బయటికొస్తే కాలువ వాళ్ళు పండగ చేసుకుంటారన్నా. పిట్టల్ని తోలింది కాలువ కాదు, సినిమావాళ్ళే అంటారు. నిజమే కదా, ఏమని చెప్తాం?" ఆమె తల ఎత్తింది. "పదిహేను రోజులాగు. విచారణ కానీ. తర్వాత నేనే వచ్చి చెప్తాను. ఆ పెద్దాయనకేం కాదు. గద్ద వచ్చిందో ఏదో అనుకుంటారు."

ఆమె స్వార్థంతో అడగలేదని పైలట్‌కి తెలుసు. అందుకే సరే అన్నాడు. సరే అన్నాక ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు భార్యకు చెప్పాడు.

"ఆ పెద్దాయన ఏమన్నాడు?" అంది ఆవిడ.

"ఏమీ అనలేదు. తనదే తప్పంటున్నాడు."

"నువ్వు?"

"నేనూ ఏమీ అనలేదు."

"అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది.

తినలేదు. గది మూల కుర్చీలో కూర్చుని ఆ బొమ్మను పిట్టలు లేవడానికి సరిగ్గా ఒక సెకండు ముందు ఆపాడు. మధ్య గుంట పూర్తిగా కనిపిస్తోంది. ఒక్కో గూటి మీదా ఎర్ర చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. కళ్ళు మసకబారితే కడుక్కుని వచ్చి మళ్ళీ మొదటి నుంచీ పెట్టాడు. నీడ ఏదో, పిట్ట ఏదో తేల్చుకోవడానికి ముందరి సెకండు, వెనక సెకండు కూడా చూశాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

*

మరుసటి రోజు పొద్దున్న పనులు ముగించుకుని వెళ్ళిపోవాలి. అనుమతి కాగితాలు తిరిగి ఇవ్వడానికి పైలట్ సరస్సు ఆఫీసులోకి వెళ్ళాడు. డైరెక్టరమ్మ బయట వ్యానులో కూర్చుంది. లెక్కలాయన వరండా బల్ల మీద ఉన్నాడు. ఒళ్ళో టెలిస్కోపు పెట్టుకుని, చొక్కా అంచుతో దాని అద్దం తుడుస్తున్నాడు. పైలట్‌ని చూసి తల ఊపాడు.

లోపల ఆఫీసరు కాగితాలు అందుకుని పక్కన పడేశాడు. మంచి మనిషే, ఆ పూట ఎవరితోనైనా మాట్లాడాలని ఉన్నట్టుంది.

"ఈ మనిషి ఇలా చేస్తాడని ఎవరైనా చెప్తే కొట్టేవాణ్ణి," అని రిజిస్టరు పైలట్ వైపు తిప్పాడు. "చూడండి."

మొన్నటి తారీకు కింద లెక్కలాయన గుండ్రటి అక్షరాలు. 'సాయంత్రం 4.10కి నియమం మీరి నేనే పడవ వేసుకుని దీవి దగ్గరికి వెళ్ళాను. పిట్టలు లేచిపోయాయి. ఇందులో వేరెవరి ప్రమేయమూ లేదు.' సంతకం. టైము.

"ఎల్లుండి నుంచి రావద్దని చెప్పాల్సొచ్చింది. నాకు మాత్రం ఇష్టమా? నాలుగు వందల గూళ్ళండీ. పైవాళ్ళకి ఏం చెప్పను? రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఏ మొహంతో..."

పైలట్ రిజిస్టరు మూసి బల్ల మీద పెట్టాడు. బయటికి వచ్చి వరండా బల్ల మీద లెక్కలాయన పక్కన కూర్చున్నాడు.

"ఎందుకలా రాశారు బాబాయ్?"

ఆయన ఆఫీసు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "డ్రోన్ అని రాస్తే మీ సినిమా ఎవడు చూస్తాడు? సినిమా పోతే కాలువ ఆగదు. కాలువ ఆగకపోతే వచ్చే ఏడు నీళ్ళే ఉండవు. నీళ్ళు లేకపోతే నా ఉద్యోగం ఉండి ఏం లాభం, కాకుల్ని లెక్కపెట్టనా?" నవ్వబోయాడు గాని కుదరలేదు. "పంధొమ్మిదేళ్ళలో ఒక్క అబద్ధం రాశాను. పోనీలే. ఒక్కటే ఒక్క సాయం చెయ్యి. నిన్న తీసిన ఆ బొమ్మ, అదే, పిట్టలు లేచేది. అది ఎవరికీ చూపించొద్దు. అందులో నా పడవ ఉండదు కదా."

"నిన్న కాదు బాబాయ్. మొన్న."

"మొన్న. అవును. రోజులు కలిసిపోతున్నాయి."

పైలట్ లేచి వ్యాను దగ్గరికి వెళ్ళాడు. డైరెక్టరమ్మ అద్దం దించింది. రిజిస్టరులో ఏముందో చెప్పాడు. బొమ్మలో పడవ ఉండదు కాబట్టి దాన్ని చూపించొద్దన్నాడనీ చెప్పాడు. ఆమె ముందున్న సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"మేడమ్, పదిహేను రోజులు ఆగలేను."

"కాలువ సంగతి?"

"కాలువ మనం తవ్వలేదు మేడమ్. పై నుంచి చూసినా కాలువే, కింద నుంచి చూసినా కాలువే. మిగతా బొమ్మలున్నాయి."

"ఆ షాట్ లేకపోతే అది సినిమా కాదన్నా," అంది ఆమె కళ్ళు తెరవకుండా. కాసేపటికి సంచిలోంచి తన డిస్కు తీసి, కిటికీలోంచి అతని చేతిలో పెట్టింది. "వెళ్ళు. నేను మళ్ళీ ఆలోచించకముందే వెళ్ళు."

పైలట్ లాప్‌టాప్ తీసుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద పెట్టి ఆ చిన్న ఫైలు తెరిచాడు. బొమ్మ కూడా వేసి చూపించాడు. ఆఫీసరు మొదటిసారి చూస్తున్నప్పుడు "అబ్బ," అన్నాడు, ఎవరైనా అనే మాటే. తర్వాత పక్కనున్న అంకెలు చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ లైసెన్సు పోతుంది తెలుసా? కేసు కూడా అవుతుంది."

"తెలుసండీ. ఒకసారి రిజిస్టరు ఇవ్వండి."

"అది మీరు రాసేది కాదు."

"తప్పు దిద్దాలి కదండీ. ఆయన తప్పు కాదు, అందుకని నేను."

ఆఫీసరు ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. పైలట్ రిజిస్టరు లాక్కుని, బల్ల మీది స్కేలు పెట్టి, లెక్కలాయన రాసిన మూడు వాక్యాల మీద ఒక్కో గీత గీశాడు. చదవడానికి వచ్చేలా సన్నగా గీశాడు. కింద రాశాడు. పెళ్ళిళ్ళ మీద పూలు కురిపించిన చేతికి అక్షరాలు కోడి గెలికినట్టు పడ్డాయి.

'పడవ వెళ్ళలేదు. డ్రోన్ వెళ్ళింది. ఎగరేసింది నేను. అనుమతి 80 మీటర్లు, దిగింది 11. 25 దగ్గర ఈయన చాలు అన్నారు. రెండుసార్లు అన్నారు. నాకు వినబడింది. బొమ్మ కోసం ఇంకా దించాను.'

ఒక వరస వదిలి, 'మధ్య గుంట, అంచనా, 60' అన్న చోట కూడా గీత గీసి, కింద రాశాడు. 'మధ్య గుంట: 143. అంచనా కాదు.'

సంతకం పెడుతుండగా గుమ్మంలో నీడ పడింది. లెక్కలాయన టెలిస్కోపు పెట్టె అప్పగించడానికి వచ్చాడు. బల్ల మీద లాప్‌టాప్, తెరిచి ఉన్న రిజిస్టరు, అందులో గీతలు. ఆయనకు విషయం అర్థమైంది.

"ఎంత పని చేశావు బాబూ," అన్నాడు.

పెట్టె కింద పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి దించుకుని, రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. చూపుడువేలు ఒక్కో మాట కిందా పెట్టుకుంటూ, పైకి వినబడకుండా పెదవులు కదుపుతూ చదివాడు. 'రెండుసార్లు' దగ్గర వేలు ఆగింది.

"అన్నానా?"

"అన్నారు బాబాయ్."

"పడవలో అడిగాను కదా నిన్ను."

"అడిగారు."

ఆయన పైలట్ ముఖంలోకి చూడలేదు. ఆ రెండు రోజుల్లో మొదటిసారి పైలట్‌కి ఆయన కోపం వినిపించింది. ఆయన ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలాడు, అంతే. వేలు కిందికి జరిగి అంకె దగ్గరికి వచ్చింది. అక్కడ ఇంకా ఎక్కువసేపు ఆగింది.

"ఎన్నిసార్లు లెక్కపెట్టావు?"

"మూడుసార్లు. మూడుసార్లూ అంతే వచ్చింది."

"నూట నలభై మూడు," అన్నాడాయన. "ఇన్నేళ్ళూ అక్కడ అన్ని ఉండేవన్నమాట. ఉన్నవాటిని లేవని రాశాను." కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "తెలిసేసరికి ఒక్కటీ లేదు."

ఆఫీసరు లాప్‌టాప్ మూత మెల్లగా దించాడు.

"టైము రాయలేదు," అన్నాడు లెక్కలాయన.

"ఆ?"

"సంతకం పక్కన టైము ఉండాలి. చెప్పాను కదా."

పైలట్ గోడ గడియారం చూసి 10.40 అని రాశాడు. ఆయన కలం తీసుకుని, కొత్త వరసలో ఆ రోజు తారీకు వేశాడు. కింద ఒకటి నుంచి ఏడు దాకా గుంజల అంకెలు వేసి, ఎదురుగా ఖాళీలు వదిలాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, కింద పెట్టిన పెట్టె మళ్ళీ ఎత్తుకున్నాడు.

"పెద్దాయనా, ఎక్కడికి?" అన్నాడు ఆఫీసరు.

"ఎల్లుండి నుంచి కదండీ రావద్దన్నారు. ఇవాళ్టి లెక్క ఇంకా కాలేదు."

గుమ్మం దాటి రెండు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"వచ్చి తెడ్డు వెయ్యి. ఆ ఒక్కటీ ఇంకా కూర్చునే ఉందేమో చూడాలి."